గుడ్డ కట్టిన పండు

సుబ్బరావమ్మ ఆ పండు తిన్నది మంగళవారం మధ్యాహ్నం. పొద్దుటినుంచీ పన్నాగం పన్ని తిన్నదేమీ కాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు బొప్పాయి చెట్టు మొదట్లో పొయ్యడానికి దొడ్లోకి వెళ్ళింది, అంతే. చెట్టుకి అన్నిటికంటే కిందగా ఉన్న కాయ చుట్టూ ఉడతలు కొరక్కుండా కోడలు పాత చీర ముక్క కట్టి ఉంచింది. ఆ గుడ్డ అంచులోంచి పసుపు రంగు కనిపించింది. సుబ్బరావమ్మ వేలితో నొక్కి చూసింది. మెత్తగా దిగింది.

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు వీరాంజనేయులు, కోడలు నాగజ్యోతి పొద్దున్నే మిరప చేలో మందు కొట్టడానికి పోయారు. చేనుకి పై ముడత తెగులు వచ్చి ఆకులు ముడుచుకుపోతున్నాయి. రోజూ నీళ్ళందించే జైతున్‌బీ పత్తి తీతకు వెళ్ళిపోయింది. ఆ వారం ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆడమనిషి లేదు. ఎవరు నీళ్ళందిస్తారని కొడుకు గొణుగుతుంటే సుబ్బరావమ్మే కోడలి వైపు తిరిగి, "నాలుగు బిందెలు అందిస్తే పోయేదేముందమ్మాయ్, మేం నెలలు నిండాక కూడా నాట్లేశాం" అంది. నాగజ్యోతికి మూడు నెలలు దాటి పది రోజులైంది. పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని మొగుడి వెనక బండెక్కింది.

చెట్టు నిజానికి నాగజ్యోతిది. చీరాల పక్కన పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ పాల ప్యాకెట్టు కవరులో జానెడు మొక్క తెచ్చుకుంది. "ఇది మీ ఇసక నేల కాదమ్మాయ్, నల్లరేగడి. నాలుగు రోజులు వాన పడితే వేరు కుళ్ళిపోద్ది" అని సుబ్బరావమ్మ చెప్పింది. బొప్పాయి చెట్టు ఇంట్లో అచ్చిరాదని ఆమె తోడికోడలు, పక్కింటి కోటమ్మ గోడ మీదుగా చెప్పింది. ఆ పిల్ల ఇద్దరికీ సరేనని తల ఊపి, పక్కవీధిలో ఇల్లు కట్టగా మిగిలిన ఇసక తట్టలతో మోసుకొచ్చి, మోకాలెత్తు దిబ్బ పోసి, దాని మీద మొక్క నాటింది. నీళ్ళు నిలవకుండా దిబ్బ చుట్టూ కాలవ తీసింది. గాలికి ఒరగకుండా పత్తికట్టె కట్టింది.

నీళ్ళు పోసిన చేతికి మొక్క మీద ప్రేమ పుట్టడం ఎవరాపగలరు? పూత వచ్చే రోజులకి సుబ్బరావమ్మ కూడా పొద్దున్నే లేచి ముందు చెట్టు దగ్గరికే పోయేది. పూలు పొడుగాటి కాడలకు గుత్తులుగా వేలాడితే పోతుచెట్టు, కొట్టిపారెయ్యాలి. మానుకి అంటుకుని ఒక్కొక్కటే పూస్తే కాపు నిలుస్తుంది. మొదటి మొగ్గ మానుకి అంటుకుని కనపడిన రోజున "ఆడచెట్టేనే జ్యోతీ!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది సుబ్బరావమ్మే. తీరా తొలికాయ ఊరే వేళకి నాగజ్యోతికి నెల తప్పింది. కడుపుతో ఉన్న మనిషి బొప్పాయి ముట్టకూడదు. పెంచిన మనిషికే పండు దక్కకుండా పోయింది.

"మాగాక మీరూ ఆయనా తినండి. నేను పక్కన కూర్చుని వాసన చూస్తాలే" అని నవ్వుతూనే గుడ్డ కట్టింది ఆ పిల్ల.

మీరూ అంటే సరిపోతుందా, సుబ్బరావమ్మకు షుగరు. పోయిన వేసవిలో తేలింది. అప్పటినుంచీ కొడుకు టీలో పంచదార మానిపించాడు, అరటిపండు చేతిలో కనపడితే లాక్కున్నాడు. మంచికే. కాని మంచి మాటైనా అరిచి చెబితే తిట్టులాగే తగులుతుంది. ఆరు నెలలుగా ఆమె నాలిక తీపి ఎరగదు.

కొడవలితో తొడిమ కోసింది. తెల్లటి పాలు మణికట్టు మీద కారాయి. గొడ్ల చావిట్లో గేదె పక్కన చతికిలబడి, ఒక్క ముక్క తిందామనుకుంది. తరవాత ఇంకొకటి. చివరికి తొక్కకున్న కండ కూడా పళ్ళతో గీరి తినేసింది. తొక్కలు గేదెకి వేసింది. నల్లటి గింజలు దోసిట్లో పట్టుకుపోయి దొడ్లో పొయ్యి బూడిదలో పోసి చెక్కతో బూడిద లాగి కప్పింది. చీర ముక్క ఏం చెయ్యాలో తోచక చెట్టు మొదట్లోనే పడేసింది. అడిగితే ఉడతలు లాగేశాయని చెప్పొచ్చు అనుకుంది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. గుమ్మంలోకి వాళ్ళకంటే ముందు మందు వాసన వచ్చింది. నాగజ్యోతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి చారలు కట్టింది. రెండు రకాల మందులు డ్రమ్ములో పోసి చేత్తో కలపడం ఆ ఊళ్ళో అందరూ చేసే పనే. కర్రతో కలిపితే అడుగున ముద్ద మిగిలిపోయి పంపు నాజిల్ పట్టేస్తుందంటారు. చెయ్యి అయితే ముద్ద తెలుస్తుంది.

"నువ్వు నీళ్ళందిస్తావనుకున్నాగాని..." అంది సుబ్బరావమ్మ.

"ఆయనకి పంపు వీపు మీద ఉంటే ఎట్టా కలుపుతాడు అత్తయ్యా" అని కోడలు దొడ్లో పొయ్యి దగ్గర కూర్చుంది. "ఈ వాసన సబ్బుకి పోదు" అంటూ బూడిద కోసం చెయ్యి పెట్టింది. బూడిదలో ఆ చెయ్యి కాసేపు కదలకుండా ఉంది. సుబ్బరావమ్మ పప్పు మెదుపుతూ చూసింది గాని, అలిసిపోయిందిలే అనుకుంది. నాగజ్యోతి చెయ్యి రుద్దుకుని కడుక్కుంది. చెట్టు దగ్గరికి వెళ్ళి, కింద పడిన గుడ్డ తీసి, ఉతికి తీగ మీద ఆరేసింది. పండేమైందని అడగలేదు. ఉడతల మాట సుబ్బరావమ్మ నోట్లోనే మిగిలిపోయింది. అన్నం సయించడం లేదని, తల తిరుగుతోందని ఆ పిల్ల పెరుగన్నం రెండు ముద్దలు తిని పడుకుంది.

బుధవారం తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఆటో మాట్లాడుకుని పేటలో ఆసుపత్రికి తీసుకుపోయే లోపే చీర తడిసిపోయింది. హైవే మీద జిన్నింగు మిల్లుల ముందు పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. దారి దొరక్క ఆటో అక్కడ అరగంట ఆగింది. ఆ అరగంటా నాగజ్యోతి అత్త చెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా కాదు. ఉందో లేదో చూసుకుంటున్నట్టు అప్పుడప్పుడూ వేళ్ళు కదిలించేది.

కడుపు నిలవలేదు. డాక్టరమ్మ పని ముగించి బయటికి వచ్చి వీరాంజనేయులిని అడిగింది. "జ్వరం ఏమైనా వచ్చిందా ఈ మధ్య?"

"లేదండి."

"పొలం పనికి వెళ్తుందా? పురుగుమందు కొట్టేచోట ఉందా?"

వీరాంజనేయులు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "అబ్బే, ఇంటిపట్టునే ఉంటదండి."

సుబ్బరావమ్మ పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది. నిన్నటి మందు వాసన కొడుకు చొక్కా మీద ఇంకా ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు పోయిందో కచ్చితంగా చెప్పలేమనీ, చాలాసార్లు ఎవరి తప్పూ ఉండదనీ చెప్పి, డాక్టరమ్మ ఏదో రాసిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఎవరి తప్పూ లేదన్న మాట ఊళ్ళోకి తీసుకుపోవడానికి పనికొచ్చే మాట కాదు. ఊరికి ఏదో ఒక తప్పు కావాలి.

అది గురువారం కోటమ్మ చేతికి దొరికింది. పలకరించడానికి వచ్చి, నాగజ్యోతి మంచం పక్కన కూర్చుని కళ్ళు ఒత్తుకుని, మొహం కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళిన మనిషి అక్కణ్ణుంచే కేకేసింది.

"ఏవే సుబ్బరావూ, గుడ్డ కట్టిన కాయేది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సుబ్బరావమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మూతి మీదికి పోయింది. కాని కోటమ్మ ఆమెకేసి చూడనే లేదు. చెట్టుకున్న తొడిమ తెగిన చోటు చూసింది, తీగ మీద ఆరేసిన చీర ముక్క చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి వచ్చింది.

"ఉడత కొరికింది గాదు, కత్తితో కోసింది. గుడ్డ ఉతికి మరీ ఆరేశారు. ఏం పిల్లా, కోరిక ఆపుకోలేకపోయావా?"

నాగజ్యోతి తల పక్కకు తిప్పి చూసింది. వెంటనే ఆమెకు అర్థం కాలేదు. వీరాంజనేయులు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"పండు తిన్నావా?" అన్నాడు.

"తినలా."

"మరి ఏమైంది?"

ఆ పిల్ల మొగుడి వైపు గాని కోటమ్మ వైపు గాని చూడలేదు. అత్త వైపు చూసింది. సుబ్బరావమ్మకు నేనే అనడానికి రెండక్షరాలు చాలు. ఆ రెండక్షరాలకీ ముందు షుగరు అడ్డం వచ్చింది, దాని వెనక కొడుకు కేకలు, వాటి వెనక కోటమ్మ నోరు; ముసలిదానికి తిండి యావ అని ఊరంతా నవ్వడం. ఇన్నిటినీ దాటుకుని బయటికి వచ్చిన మాట వేరే మాట అయింది.

"నాకేం తెలుసు, నేను చూళ్ళా."

అప్పుడు సుబ్బరావమ్మ ఒక సంగతి గమనించింది. బుధవారం పొద్దుటినుంచీ బిగదీసుకుని ఉన్న కొడుకు భుజాలు కిందికి దిగాయి. వాడు గుమ్మానికి చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "దీనికి ఎంత చెప్పినా బుద్ధి రాదు" అన్నాడు, కాని ఆ గొంతులో కోపం కంటే తేలికే ఎక్కువ ఉంది. నాగజ్యోతి అత్త మీది నుంచి చూపు తీసేసి గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఒక్కసారి కూడా తినలేదని అనలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. శుక్రవారం పొద్దున కుళాయి దగ్గర బిందె పెట్టేసరికి అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఒకావిడ తన చెల్లెలికి ఇట్లాగే పోయిందంది. ఇంకొకావిడ ఈ కాలం పిల్లలకి పెద్దల మాట లెక్కలేదంది. అత్తగారు ఎంత ఓర్చుకుంటుందో పాపం అని మరొకావిడ సుబ్బరావమ్మ బిందె ముందుకు జరిపి నీళ్ళు పట్టించింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని వాళ్ళే ఎన్నోసార్లు అనుకున్న మాట ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. సుబ్బరావమ్మ నిండిన బిందె చంకనెత్తుకుని, అడుగడుక్కీ నీళ్ళు ఒలకబోసుకుంటూ ఇంటికి వచ్చింది.

వీరాంజనేయులు చావిట్లో పంపు విప్పి కూర్చున్నాడు. నాజిల్ రంధ్రంలో సైకిలు పుల్ల పెట్టి పొడుస్తున్నాడు. శనివారం సాయంత్రం రెండో తడవ మందు కొట్టాలి.

"ఆంజీ."

"ఊఁ."

"ఆ పండు నేను తిన్నాన్రా."

పుల్ల ఆగింది. తల ఎత్తలేదు.

"మంగళారం మధ్యాన్నం, ఇదిగో ఇక్కడే కూర్చుని తిన్నా. ఆ పిల్ల ముట్టలా. షుగరని నువ్వు తిడతావని చెప్పలేకపోయా."

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేదని తరవాత అనిపించింది. వాడు నాజిల్ నోట్లో పెట్టుకుని ఊదబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, లుంగీకి తుడిచి పక్కన పెట్టాడు.

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలా."

"అనమాక."

"అదేందిరా! ఊరంతా ఆ పిల్లని..."

"పండు కాకపోతే మరేందో చెప్పు." ఇప్పుడు తల ఎత్తాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "చెప్పమ్మా. పండు కాకపోతే ఇంకేముంది? డ్రమ్ము దగ్గర నిలబెట్టింది నేను. పంపింది నువ్వు. వాళ్ళ నాన్న రేపు వస్తన్నాడు, ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేయించా. ఆయన మొహం చూసి నేనేం చెప్పను? పండని చెబితే ఆయనా ఊరుకుంటాడు, అందరం బతుకుతాం."

అందరం అన్నాడు. ఆ అందరిలో నాగజ్యోతి ఎక్కడుందో సుబ్బరావమ్మకు కనపడలేదు. ఆ మాటే అడుగుదామనుకుంది. కాని కొడుకు ఏడవడం ఆమె వాడి నాన్న పోయినరోజు తరవాత మళ్ళీ చూడలేదు. తల్లి మనసు పాడుది, న్యాయం వైపు పోతూ పోతూ కొడుకు దగ్గర కూలబడుతుంది. పంపు పక్కన చిందిన నీళ్ళు చీపురుతో ఊడ్చి, లోపలికి వెళ్ళిపోయింది. కోడలికి గంజిలో ఉప్పువేసి ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ నాగజ్యోతి ఆమె మొహంలోకి చూసింది, ఏదో వినడానికి సిద్ధంగా ఉన్నట్టు. "వేడిగా ఉంది, మెల్లగా తాగు" అంది సుబ్బరావమ్మ. ఆ పిల్ల తాగింది.

శనివారం పొద్దున్నే వీరాంజనేయులు చెట్టు కొట్టేశాడు. గొడ్డలి అక్కరలేకపోయింది. బొప్పాయి మానులో చేవ ఉండదు, లోపల డొల్ల. కొడవలితో నాలుగు వేట్లకే ఒరిగిపోయింది. పచ్చి కాయలు పదకొండు దొడ్లో తలోవైపు దొర్లాయి. తెగిన చోటునుంచి పాలు కారి దిబ్బ మీది ఇసకలో ఇంకిపోయాయి. నాగజ్యోతి కిటికీ లోంచి చూస్తూ ఉంది. ఏడుస్తుందేమోనని సుబ్బరావమ్మ భయపడింది గాని ఆ పిల్ల ఏడవలేదు.

పదిగంటలకి యలమందయ్య ఆటోలో దిగాడు. బక్క మనిషి, తెల్ల చొక్కా మీద భుజాన తువ్వాలు, చేతిలో సంచి. సంచిలో కూతురి కోసం తెచ్చిన పప్పుచెక్కలు, కొబ్బరి బోండాలు ఉన్నాయి. ఆయన కాళ్ళు కడుక్కోకముందే కోటమ్మ వచ్చి సంగతంతా విప్పింది. చెట్టు తెచ్చింది ఎవరు, గుడ్డ కట్టింది ఎవరు, తొడిమ ఎట్లా తెగి ఉంది, అంతా వరసగా. వీరాంజనేయులు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"కొన్నాళ్ళు అక్కడే ఉంచండి మామయ్యా" అన్నాడు చివరికి. "బుద్ధి కుదుటపడ్డాక చూద్దాం."

యలమందయ్య గొడవపడతాడని అందరూ అనుకున్నారేమో. ఆయన మెల్లగా లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చున్న కూతురి ముందు నిలబడ్డాడు.

"మొక్క నేనే తవ్వి ఇచ్చా గదమ్మా" అన్నాడు. "ఆ మాత్రం ఆగలేకపోయావా? ఒక్క ఆర్నెల్లు. మన పరువు తీశావు గదే తల్లీ." వెనక్కి తిరిగి వియ్యపురాలికి రెండు చేతులూ జోడించాడు. "మా పెంపకంలో లోపం వదినా. క్షమించండి."

జోడించిన ఆ చేతులు సుబ్బరావమ్మ ముందు గాలిలో ఉన్నాయి. ఎండకి కమిలి, గోళ్ళలో మట్టి పట్టిన చేతులు. చెయ్యని తప్పుకి ఒక మనిషి తన ఎదురుగా దణ్ణం పెడుతుంటే తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉన్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"చేతులు దించన్నయ్యా. ఆ పండు తింది నేను."

"అమ్మా!" అన్నాడు వీరాంజనేయులు.

"నువ్వుండరా. నేనే తిన్నా. తొక్కలు గేదెకి వేశా. మీ పిల్ల ముట్టుకోలా. మంగళారం పొద్దున నీళ్ళు మొయ్యమని చేలోకి తోలింది నేను. రోజంతా మందు డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపింది. డాక్టరమ్మ అడిగితే మేం ఇంట్లోనే ఉందని చెప్పాం. ఏది కారణమో నాకు తెలవదు. పండు మాత్రం కాదు."

కోటమ్మ ముక్కు మీద వేలేసుకుంది. యలమందయ్య జోడించిన చేతులు విడదీశాడు. అల్లుడి కేసి చాలాసేపు చూశాడు. అల్లుడు తల ఎత్తలేదు. అప్పుడాయన వంగి, కూతురి బట్టల సంచి తీసుకుని, "పదమ్మా" అన్నాడు. ఇది తిరిగి పంపడానికి తీసుకుపోయే తండ్రి గొంతు కాదు.

సుబ్బరావమ్మ ఆటో దాకా వెంట నడిచింది. తను నిజం చెప్పింది. ఇప్పుడైనా ఆ పిల్ల ఒక్క మాట అంటే బాగుండునని, తిట్టినా బాగుండునని ఆమెకు ఉంది. నాగజ్యోతి ఆటో కడ్డీ పట్టుకుని ఆగింది.

"నాకు తెలుసత్తయ్యా" అంది.

"ఏంది?"

"మంగళారం సాయంత్రమే బూడిదలో గింజలు చూశా."

"మరి... మరి వాళ్ళంతా అంతంత మాటలంటుంటే చెప్పలేదేమే?"

"మీకు షుగరు గదా. ఆయన మీ మీద అరుస్తాడని గుడ్డ కూడా ఉతికేశా, ఎవరూ అడక్కుండా. తరవాత మీరే చెబుతారనుకున్నా. గురువారం చూశా. శుక్రవారం చూశా."

ఆటో అతను ఇంజను స్టార్టు చేశాడు. యలమందయ్య లోపల జరిగి చోటిచ్చాడు. నాగజ్యోతి ఒక కాలు ఎక్కించి మళ్ళీ వెనక్కి చూసింది. ఆ మొహంలో కోపం లేదు. ఏడాదిపైగా నీళ్ళు పోసి, దిబ్బ పోసి, గుడ్డ కట్టి, తాకకుండా దాచుకున్న దాని సంగతి తెలుసుకోవాలన్న ఆశ మాత్రం ఉంది.

"తియ్యగా ఉందా అత్తయ్యా?"

చప్పగా ఉందని చెబితే ఆ పిల్లకి కాస్త బాధ తగ్గుతుందేమో. కాని ఆ పిల్ల దగ్గర ఇంకొక అబద్ధం ఆడడానికి సుబ్బరావమ్మకు నోరు రాలేదు.

"ఉందమ్మా. చానా తియ్యగా ఉంది."

"అనుకున్నా" అంది నాగజ్యోతి, ఆటో ఎక్కి కూర్చుంది.